కివీల మాట చెవికి, మావోరి పలుకు నాలుకకు: కొత్తగా వచ్చిన మన నర్సుల కోసం

న్యూజీలాండ్ దేశపు హామిల్టన్ నగరంలో, వృద్ధులను చూసుకునే ఒక రెస్ట్ హోమ్‌లో నర్సుగా నాకిది తొమ్మిదో ఏడు. ఏటా మన తెలుగు అమ్మాయిలు ఒకరో ఇద్దరో కొత్తగా చేరుతుంటారు. ఇంగ్లీషు పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని వచ్చినవారే అందరూ. అయినా మొదటి వారం గడిచేసరికి ముఖాలు వాడిపోతాయి. "అక్కా, ఆయన ఏమన్నారో నాలుగుసార్లు అడిగాను. ఐదోసారి అడగలేక నవ్వి ఊరుకున్నాను" అని ఒకమ్మాయి మొన్న టీ గదిలో చెప్పింది. మన పనిలో అలా నవ్వి ఊరుకోవడం ప్రమాదం. ఇన్నేళ్ళుగా ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చినదాన్ని అందుకే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

నేను చెప్పే పద్ధతి ఇదీ. కివీల, అంటే ఈ దేశపు మనుషుల, వాడుక మాటలను ముందు చెవితో పట్టుకోండి, వాటిని అనడానికి తొందరపడకండి. ఈ దేశపు తొలి ప్రజలైన మావోరిల మాటలను మాత్రం మొదటి రోజు నుంచే నోటితో పలకండి. ఆ మాటలను తెలుగు అక్షరాల్లోనే రాసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదివితే అవి పాడవుతాయి. తెలుగులో రాసుకుంటే చక్కగా అమరుతాయి. ఎందుకో ముందుముందు చెబుతాను.

చెవి సంగతి ముందు. ఇక్కడివారు పలికే 'ఎ' మన చెవికి 'ఇ'లా వినిపిస్తుంది, 'ఇ' ఏమో 'అ'లా వినిపిస్తుంది. పెన్ను అడుగుతున్నా 'పిన్' అన్నట్టే ఉంటుంది. 'టెన్' టిన్ అవుతుంది, 'సిక్స్' సక్స్ అవుతుంది, 'లెగ్' లిగ్ అవుతుంది. కుర్చీ అని చెప్పే 'చెయిర్'కూ, ఉత్సాహంతో వేసే కేక 'చియర్'కూ తేడా చాలామంది నోట వినబడదు. ఈ మార్పిడి ఒక్కటి మనసులో పెట్టుకుంటే సగం కష్టం తీరిపోతుంది. మందుల మోతాదు దగ్గర మాత్రం ఊహ పనికిరాదు. విన్న అంకెను మీ ఉచ్చారణలోనే తిరిగి చెప్పి, అవునన్నాకే కదలండి. వాళ్ళ యాసను అనుకరించవలసిన పని లేదు. మీ యాసలో మీరు నిదానంగా మాట్లాడితే ఇక్కడ ఎవరూ తక్కువగా చూడరు.

మాటల కన్నా కష్టమైనది వాటి బరువు. నేను చేరిన కొత్తలో ఒక ముసలాయన ఉండేవారు, ఈ వైకతొ ప్రాంతంలోనే జీవితమంతా పాడి ఆవులతో గడిపిన రైతు. ఒక ఉదయం ఎలా ఉన్నారని అడిగితే "బిట్ క్రుక్" అన్నారు. నొప్పికి మాత్ర కావాలా అంటే "యే... నా, షీల్ బి రైట్" అన్నారు. 'బిట్' అన్నారు కదా, కొంచెమే అనుకుని అలాగే రాశాను. మధ్యాహ్నం మా పెద్ద నర్సు వచ్చి ఆయన ముఖం చూడలేదు, చేతులు చూసింది. మంచం కమ్మీని పట్టుకున్న ఆయన వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. "ఈయన నోట క్రుక్ అనే మాట రావడం నేను ఇదే మొదటిసారి వినడం" అంది. గంటలో ఆసుపత్రికి పంపాం. ఛాతీలో ఇన్ఫెక్షను బాగా ముదిరి ఉంది. వారం తర్వాత కోలుకుని వచ్చారు కానీ, ఆ 'బిట్' నాకు ఇప్పటికీ గుర్తే.

అందుచేత ఆ ఒక్క సంభాషణలోని మూడు మాటలూ విడమరిచి చెబుతాను. క్రుక్ అంటే దొంగ కాదు, ఒంట్లో బాగాలేదని. బాధను ఉన్నదానికన్నా తగ్గించి చెప్పడం ఈ తరం వారికి మర్యాద. మన పెద్దవాళ్ళు జ్వరంతో మూలుగుతూనే "ఏమీ లేదమ్మా, కాస్త నలతగా ఉంది" అంటారే, అదే తీరు. 'షీల్ బి రైట్'లోని ఆమె ఎవరూ కాదు, పరిస్థితి. 'అదే సర్దుకుంటుందిలే' అని దాని అర్థం. ఇక 'యే నా'. ఇందులో చివరి మాటే జవాబు. మొదటి 'యే' మీ మాట విన్నాను, మీరు అడగడం బాగుందని ఒప్పుకోవడం. తర్వాతి 'నా' అసలు సమాధానం, వద్దని. మనం భోజనానికి కూర్చోమన్నప్పుడు "అయ్యో, పరవాలేదండీ" అనే పెద్దమనిషి వద్దంటున్నాడని మనకు తెలుసు కదా, అలాగే. తిరగేసి 'నా యే' అంటే ఔననే. మీ సందేహం తీరుస్తూ ఔననడం. నేనిప్పుడు ఇటువంటివారిని నొప్పి ఉందా లేదా అని అడగను. సున్నా నుంచి పదిలోపు ఎంత అని అడుగుతాను, నిన్న చేసిన ఏ పని ఈ రోజు చేయలేకపోతున్నారని అడుగుతాను. అంకె చెప్పమంటే దాచరు.

బాగున్నప్పుడు చెప్పే మాటలూ ఉన్నాయి. ఎనభై దాటినవారు ఉదయాన్నే 'బాక్స్ ఆఫ్ బర్డ్స్' అంటే పక్షుల పెట్టె కోసం వెతక్కండి. కిలకిలలాడుతూ హుషారుగా ఉన్నానని చెప్పడం. నాకు ఈ మాటంటే ఎంతో ఇష్టం, ముసలివాళ్ళతోనే వెళ్ళిపోతుందేమోనని దిగులు కూడా. 'గుడ్ యాజ్ గోల్డ్' అంటే అంతా కుదిరింది, చింత లేదని. కొట్టులో డబ్బిచ్చాక కూడా అంటారు. 'స్వీట్ యాజ్' అన్నప్పుడు దేనిలాగా తీపి అని ఎదురుచూడకండి, పోలిక రాదు. సరే, బాగుంది అని మాత్రమే. ఏ గుణానికైనా ఇలా 'యాజ్' తగిలించి వదిలేస్తారు. 'కోల్డ్ యాజ్' అంటే మనం చలి అంటే అలాంటిలాంటి చలి కాదంటామే, అది. వాక్యం చివర 'ఏ' అని సాగదీస్తే అది మన 'కదా'. ఆ మాటకు తల ఊపడమో, ఔననడమో చేయాలి. ఊరుకుంటే ఒప్పుకోలేదనుకుంటారు.

వస్తువుల పేర్లకు ఒక నెల చాలు. సాయంత్రం ఇంటికి టీకి రమ్మంటే చాలాసార్లు అది రాత్రి భోజనమే. ఖాళీ కడుపుతో వెళ్ళండి. పనిలో దొరికే టీ విరామం స్మోకో. విందు పిలుపులో ప్లేటు తీసుకురండి అని ఉంటే, అందరూ పంచుకు తినేలా ఏదైనా వండి పట్టుకెళ్ళాలని అర్థం. పులిహోర పట్టుకెళితే ఖాళీ గిన్నెతో తిరిగొస్తారు, నాది పూచీ. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, వీధి మూల చిల్లర కొట్టు. చాలావాటిని భారతీయ కుటుంబాలే నడుపుతాయి. రబ్బరు చెప్పులు జాండల్స్. జపనీస్ అనే మాటనూ, శాండల్స్ అనే మాటనూ కలిపి చేసిన ఈ పేరు 1957లో ట్రేడ్‌మార్క్ అయింది. ఈత దుస్తులు టాగ్స్. మంచుపెట్టె చిల్లీ బిన్. సముద్రం ఒడ్డున సెలవుల్లో ఉండే చిన్న ఇల్లు బ్యాచ్. కొండల్లో కాలినడక ట్రాంపింగ్. ఎక్కడో మారుమూల ఊరు వాప్‌వాప్స్. కివి అంటే పిట్ట, లేదా ఈ దేశపు మనిషి. పండును మాత్రం కివీఫ్రూట్ అనే అనాలి.

కొన్నింటిని విని వదిలేయమంటాను. 'చర్', 'బ్రో', 'మీన్' కుర్రవాళ్ళు తమలో తాము ఆప్యాయంగా అనుకునే మాటలు. చర్ అంటే థాంక్స్ అనీ సరే అనీ, మీన్ అంటే అద్భుతం అనీ తెలిస్తే చాలు. 'మంటెడ్' అంటే బాగా పాడైపోయింది అని. వస్తువు గురించి అయితే సరే, మనిషి గురించి మీ నోట రాకూడదు. స్నేహం కుదిరాక అవే వస్తాయి. ముందుగా తెచ్చిపెట్టుకుంటే అరువు నగలా ఉంటుంది.

ఇక నాలుక సంగతి. నేను అసలు రాయాలనుకున్నది ఇదే.

మావోరి భాషను వాళ్ళు తె రెఒ అంటారు. ఐదు అచ్చులు, పది హల్లు ధ్వనులు, అంతే. ప్రతి అక్షరం అచ్చుతోనే ముగుస్తుంది. అంటే మన తెలుగులాగే అజంత భాష. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాట వస్తే మనం బస్సు, కారు, పెన్ను అని చివర అచ్చు చేర్చుకున్నట్టే వాళ్ళూ చేర్చుకున్నారు. బస్సును పహి అంటారు, పెన్నును పెనె అంటారు, బల్లను తేపు అంటారు, మనల్ని, అంటే నర్సుల్ని, నేహి అంటారు. రోజూ ఉదయం వినే 'మోరెన' కూడా ఇంగ్లీషు మార్నింగ్ నుంచి వచ్చిందే. సొంత మాట కావాలంటే 'అత మారియె' ఉంది.

రాతలో అచ్చు మీద చిన్న అడ్డగీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. ఇంగ్లీషువారికి ఇక్కడే చిక్కు. ఎ, ఏ, ఒ, ఓలకు వేర్వేరు అక్షరాలున్న మనకు ఇది పుట్టుకతో వచ్చిన చదువు. 'కెకె' అంటే కేకు, 'కేకే' అంటే చంక. 'కుర' అంటే బడి. దాన్ని సాగదీసి కూర చేయకండి. ఈ దేశపు తొలి ప్రజల పేరు కూడా పత్రికల్లో రాసినట్టు మావోరి కాదు, 'మాఒరి'. మొదటి అక్షరమే దీర్ఘం. మాటలకు బహువచనపు 'స్' తగిలించరు, ఒకరైనా పదిమందైనా మాఒరి అనే అంటారు.

మన అక్షరమాలలో 'ఙ' అని ఒకటుంది, చిన్నప్పుడు పలక మీద దిద్ది ఆ తర్వాత మరిచిపోయాం. దాన్ని ఇక్కడ రోజూ వాడాలి. 'గంగ' అనబోయి, సున్న దగ్గర ముక్కులో మోగే ధ్వనిని పట్టుకుని, రెండో 'గ' పలకకుండా నేరుగా 'ఆ' అనండి. 'ఙా' వస్తుంది. కృతజ్ఞత చెప్పే 'ఙా మిహి' అలా మొదలవుతుంది. హామిల్టన్‌కు ఉత్తరాన ఉన్న ఊరు ఙారుఅవాహియ. మావోరి రాజరికానికి పీఠం ఆ ఊరే. నేను స్నానాల గదిలో నిలబడి ఈ పేరును వారం రోజులు సాధన చేశాను. ఇంకొకటి, డబ్ల్యూ, హెచ్ కలిసి కనిపిస్తే చాలాచోట్ల ఇంగ్లీషు ఎఫ్‌లా 'ఫ' అనాలి. కుటుంబం ఫానౌ, భూమి ఫెనుఅ, తూర్పు తీరంలోని పట్టణం ఫకతానె. ర మన ర లాగే ఒకసారి తగిలి వదిలేయాలి. హామిల్టన్‌కు అసలు పేరు కిరికిరిరొఅ, ఆక్లాండ్‌కు తామకి మకౌరౌ, క్రైస్ట్‌చర్చ్‌కు ఓతౌతహి. బస్సులో ప్రకటన వినిపించినప్పుడల్లా వెంట పలకండి.

పలకరింపు 'కియ ఒర'. ఆరోగ్యంగా ఉండు, చల్లగా ఉండు అని అక్షరాలా ఒక దీవెన. నమస్కారానికీ, థాంక్స్‌కూ, ఎదుటివారి మాటకు ఔననడానికీ అదే సరిపోతుంది. ఈ మాట తేలికగా రాలేదు. 1984లో ఆక్లాండ్‌లో టెలిఫోన్ ఆపరేటరుగా ఉన్న నైదా గ్లావిష్ ఫోను ఎత్తగానే కియ ఒర అనేవారు. అలా అనవద్దని పైవారు చెప్పినా ఆమె మానలేదు. దేశమంతా చర్చ జరిగింది, చివరికి ఆ పలకరింపును ఒప్పుకోక తప్పలేదు. 1987లో మావోరి అధికార భాష అయింది. ఈ సంగతి తెలిశాక నేను కియ ఒర అని గొణగడం మానేశాను, నిండుగా అంటాను.

కాస్త గౌరవంగా పలకరించాలంటే 'తేనా కొఎ'. ఇద్దరుంటే 'తేనా కోరుఅ', ముగ్గురూ ఆ పైన ఉంటే 'తేనా కొఉతొఉ'. బడిలో సంస్కృతం చదివినవారికి ద్వివచనం గుర్తొస్తుంది.

అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మనం, మేము. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. మావోరిలో మనకున్నట్టే వేర్వేరు. వింటున్న మీరూ కలిస్తే 'తాతొఉ', మిమ్మల్ని మినహాయించి మేమైతే 'మాతొఉ'. నువ్వూ నేనూ ఇద్దరమే అయితే 'తాఉఅ', నేనూ ఇంకొకరూ అయితే 'మాఉఅ'. గుర్తుపెట్టుకోవడం ఎంత సులువో చూడండి. 'మా' అని మొదలయ్యేది మన 'మా' లాగే వినేవారిని పక్కన పెడుతుంది. నాతో పనిచేసే ఇంగ్లీషు అమ్మాయి దీన్ని నేర్చుకోవడానికి గోడకు పట్టిక అంటించుకుంది. మీకు ఆ పట్టిక అక్కర్లేదు.

వీడ్కోలు దగ్గర తడబడకండి. వెళ్ళేవారితో ఉండేవారు 'హఎరె రా' అంటారు. ఉండేవారితో వెళ్ళేవారు 'ఎ నొహొ రా' అంటారు. నొహొ అంటే కూర్చోవడం, ఉండడం. మన చెవికి 'రా' పిలుపులా తగులుతుంది, ఇక్కడ అది సాగనంపడం. రమ్మనడానికి 'హఎరె మై' ఉంది. మా దగ్గర ఉండిన ఒక కుఇఅ, అంటే మావోరి పెద్దావిడ, డ్యూటీ ముగించుకుని నేను గది గుమ్మం దగ్గర 'హఎరె రా' అన్నప్పుడు తల అడ్డంగా ఊపి, తన కుర్చీని తట్టి చూపించింది. "ఉండేది నేను, వెళ్ళేది నువ్వు. నా మాట నువ్వు అనేశావు" అంది. ఆ మరుసటి రోజు సరిగ్గా అన్నాను. అప్పుడామె 'క కితె అనో' అని జవాబిచ్చింది, మళ్ళీ చూస్తాను అని. మన ఇంట్లో ఎవరూ గడప దాటుతూ వెళ్తానని అనరు, వెళ్ళొస్తాననే అంటారని ఆమెకు చెప్పాను. ఎంతో సంతోషించింది. 'వెళ్ళొస్తాను' అనే మాటను రెండు రోజుల్లో నేర్చుకుని నాకే అప్పజెప్పింది.

వరుసల పేర్లు మనవాళ్ళకు ఇట్టే అంటుతాయి. పెద్దావిడ కుఇఅ, తాత కొరొ, పెద్దలందరూ కౌమాతుఅ, పిల్లలు తమరికి, మనవలు మొకొపున. బడిలో టీచరమ్మను ఫఎఅ అంటారు, అది అమ్మనూ పిన్నినీ పిలిచే పిలుపే. మగవారిని మతుఅ అంటారు. ముక్కూ మొహం తెలియని పెద్దవారిని కూడా అమ్మా, బాబాయ్ అని పిలిచే మనకు ఇందులో కొత్తదనం లేదు. ఫానౌ అంటే భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలే కాదు, మేనత్తలూ పెదనాన్నలూ వాళ్ళ సంతానమూ అందరూ. ఒక కౌమాతుఅకు జబ్బు చేస్తే పాతికమంది రావచ్చు. చుట్టాలు కిక్కిరిసిన ఆసుపత్రి వరండా మనం చూడనిదా? కుర్చీలు తెచ్చి వేయండి.

గదిలో పనికొచ్చేవి కొన్ని: మమఎ నొప్పి, వై నీళ్ళు, కై అన్నం, రొఙొఆ మందు, ఙెఙె అలసట, మిమి మూత్రం, ఫరెపకు మరుగుదొడ్డి. 'కెయి తె పేహెఅ కొఎ' అంటే ఎలా ఉన్నావు అని అడగడం. 'కెయి తె పై' అంటే బాగున్నాను. విసుగుపుట్టి 'హోహా' అంటే కాసేపు ఒంటరిగా వదిలేయండి. 'తైహొఅ' అంటే ఆగు. ఈ మాట పాతకాలపు తెల్లవారి నోటా వస్తుంది. విరిగిపోయిందనే మావోరి 'పకరు' నుంచి ఇంగ్లీషులో పకరూ అనే వాడుక మాట పుట్టింది. కష్టంలో ఉన్నవారితో 'కియ కహ', గుండె దిటవు చేసుకో అని. మెచ్చుకోలుకు 'క పై'. 'మహి' అంటే పని, మనకు భూమి. 'మన' అంటే ఒక మనిషికి ఉండే గౌరవం, ప్రతిష్ఠ. మనకు ఆ అక్షరాలే మనందరిదీ అని చెబుతాయి. ఫెనుఅకు భూమి అనే కాక మాయ అనీ అర్థం. కాన్పు తర్వాత ఆ మాయను తీసుకెళ్ళి సొంత నేలలో పూడ్చుకుంటారు, అందుకే ఇక్కడి ఆసుపత్రుల్లో ఇంటికి తీసుకెళతారా అని తప్పక అడుగుతారు.

మాటతో పాటు 'తపు' కూడా తెలియాలి. పవిత్రం, తాకరానిది రెండూ అందులోనే ఉన్నాయి. మడి, మైల, ఎంగిలి తెలిసిన ఇంటి నుంచి వచ్చినవారికి చెప్పే పని తక్కువ. తల తపు. అడగకుండా తలను తాకవద్దు, తల మీదుగా కంచం అందించవద్దు. తల కింది దిండును కాళ్ళ కింద పెట్టవద్దు. దాని మీద కూర్చోవద్దు. ముఖం తుడిచిన గుడ్డ వేరు, ఒళ్ళు తుడిచిన గుడ్డ వేరు. భోజనం పెట్టే బల్ల మీద మూత్రపు సీసా ఎన్నడూ పెట్టకూడదు. ఆ బల్ల మీద కూర్చోకూడదు కూడా. వంటింటి తువ్వాళ్ళను ఒంటి బట్టలతో కలిపి ఉతకరు. ప్రాణం పోయిన గదిలోకి తిండి తీసుకెళ్ళరు, కరకియ అనే ప్రార్థన చేశాకే ఆ గదిని మళ్ళీ వాడతారు. శ్మశానం నుంచి బయటికి వస్తూ చేతులు కడుక్కుంటారు.

ఏటా జూన్, జూలై నెలల్లో మతరికి వస్తుంది, మావోరి కొత్త సంవత్సరం. 2022 నుంచి దేశమంతా సెలవు. మతరికి అంటే మన కృత్తికలే. తెల్లవారుజామున తూర్పున అవి కనిపించినప్పుడు పోయినవారిని తలుచుకుంటారు. ఆ రోజు పలకరింపు 'మానవతియ అ మతరికి'.

మీరు చేరిన మొదటి సోమవారం సమావేశంలో లేచి పరిచయం చేసుకోమంటారు. మావోరి పరిచయంలో కొండ, నది, పూర్వీకుల పడవ, తెగ వరసగా వచ్చాక చివరన మనిషి పేరు వస్తుంది. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు మేరువుకు ఏ దిక్కున, ఏ నదుల మధ్య కూర్చున్నామో చెప్పుకుంటామే, అలాంటిదే. అయితే ఆ కొండ వారికి పూర్వీకులతో సమానం, దాన్ని మనదిగా చెప్పుకోవడం తగదు. ఊరూ పేరూ చాలు. 'తేనా కొఉతొఉ' అని మొదలుపెట్టండి. 'నో ఈనియ అహౌ', భారతదేశం నుంచి వచ్చాను. 'కెయి కిరికిరిరొఅ అహౌ ఎ నొహొ అన', హామిల్టన్‌లో ఉంటున్నాను. 'కొ' అని, మీ పేరు చెప్పి, 'తకు ఇఙొఅ' అనండి. ఆ 'ఙొ' దగ్గర ఒక్క క్షణం నిదానించండి, గంగను తలుచుకోండి. చివర 'నో రెయిర, తేనా కొఉతొఉ, తేనా కొఉతొఉ, తేనా కొఉతొఉ కతొఅ' అని మూడుసార్లు. మీరు కూర్చోబోతుండగా ఎవరో ఒకరు లేచి పాట అందుకోవచ్చు, దాన్ని వైఅత అంటారు. మీ మాటకు అండగా పాడే పాట అది. అది ముగిసేదాకా నిలబడే ఉండండి.